ట్రాలీని లాగే బండి

ఆదోని సంతలో ట్రాక్టరు ఆగింది కానీ పద్మ దిగలేదు. బసవన్న ట్రాలీ కొక్కెం ఊడదీసి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, టార్పాలిన్ తాళ్ళు విప్పుతూ "దిగు, పొయ్యి దించల్ల" అన్నాడు. లోపలికి తొంగి చూశాడు. ఆమె పిండి గంగాళాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకొని, ఎడమ పాదం మీద చెంబుతో నీళ్ళు పోసుకుంటోంది. పక్కనే పెద్ద బాణలి బోర్లా పడి ఉంది.

"గుంతలో పడినప్పుడు జారింది. ఏం గాలేదు, వాసింది అంతే."

"కాలు తీసుకోకుంటివా?"

"కాలు తీసుకుంటే గంగాళం ఒరుగుతాది. మొదటి వాయికి పిండి యాడిది?"

వాళ్ళ ఇంట్లో అదొక పద్ధతి. సంతకు పోయినా జాతరకు పోయినా మొదటి వాయికి కావలసిన శనగపిండి ఎమ్మిగనూరులో, ఇంట్లోనే, దీపం పెట్టాక కలుపుతారు. ఆ బజ్జీలు ఈరన్న స్వామి పటం ముందు పెట్టిన తరువాతే అమ్మకం. దారిలో ఆ పిండి ఒంటరిగా పోకూడదు, ఇంటి ఆడమనిషి చెయ్యి దాని మీద ఉండాలి. బసవన్న తల్లి నరసమ్మ ఓపిక ఉన్నన్నాళ్ళు ఆమె ఆ పని చేసింది. ఇప్పుడు కోడలు చేస్తోంది. మిగతావాళ్ళంతా బస్సులో వస్తారు. పద్మ మాత్రం గ్యాసు బండల మధ్య, బొరుగుల మూటల మధ్య, ట్రాలీలో వస్తుంది.

ఆ రోజంతా పద్మ ఒంటికాలి మీద నిలబడి బజ్జీలు వేసింది. మిరపకాయ చీల్చి, వాము కూరి, పిండిలో ముంచి, నూనెలోకి జారవిడిచేటప్పుడు ఆమె నడుము ఒకవైపు వంగి ఉండేది. బొరుగుల ఉగ్గాని పొట్లాలు కడుతూ బసవన్న అటే చూస్తూ ఉన్నాడు. ఎవరో రెండు పొట్లాలు అడిగితే మూడు ఇచ్చాడు. ఇంకెవరో కారం ఎక్కువైందంటే తల ఊపి ఊరుకున్నాడు.

తిరిగి పోయేటప్పుడు ట్రాక్టరు యజమాని ఆదెప్ప ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చాడు. "శ్రావణమాసమంతా ఉరుకుంద ఈరన్న జాతర కాడ నీ ట్రాలీ ఉంటాది గదా బసవన్నా, నా ట్రాక్టరుకు అప్పుడు సేన్ల పనుంది. ముందే సెప్తాండా" అన్నాడు.

"ఉండనీలే" అన్నాడు బసవన్న. "నేనే ఒక పెద్ద బండి కొంటాండా. పాతదైనా సరే. ట్రాలీని అదే లాగుతాది, ఇంటోళ్ళంతా దాంట్లోనే కూసుంటారు."

ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా తాను అలా అనుకుంటున్నట్టు అతనికే తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ కాలితో పద్మ ఇంకోసారి ట్రాలీ ఎక్కకూడదు.

ఇంట్లో ఏ పెద్ద వస్తువు కొనాలన్నా ముందు వీధి చివర ఈరన్న గుడిలో పూవు పెట్టి అడుగుతారు. పూజారి తడి చేసిన రెండు పూలను స్వామి రెండు భుజాల మీద అంటిస్తాడు. కుడిపక్కది ముందు రాలితే సరేనన్నట్టు. బసవన్న చేతులు కట్టుకొని, "స్వామీ, బండి కొందునా?" అని అడిగాడు. పూజారి చెయ్యి వెనక్కి తీసుకునే లోపలే కుడి పూవు రాలి పడింది. అంత త్వరగా రాలడం ఎప్పుడూ చూడలేదన్నారు అక్కడున్నవాళ్ళు. బసవన్న ఆ పూవును కళ్ళకద్దుకొని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పూవిచ్చినాడు సరే, ఆషాడం గదరా ఇది" అన్నాడు అతని చిన్నాయన సిద్ధప్ప. ఇంట్లో పెద్ద మాట ఆయనదే. ఇప్పటికీ రోజూ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి చీర నేస్తాడు. "ఇప్పుడు కొనేది లేదు. సూసేది సూడండి. శ్రావణం వచ్చినాక ఇంటికి తెద్దాం."

"శ్రావణం మొదటి సోమవారానికే ఉరుకుందలో ఉండల్ల గదా సిన్నాయనా."

"అందుకే సూడమంటాండా. సూస్తే కొన్నట్లా?"

చూడటం మర్నాడే మొదలైంది.

ఆదోనిలో పాత బండ్లు అమ్మించే తిక్కయ్య దగ్గరికి ఇద్దరూ బస్సులో పోయారు. బసవన్న సంకలో ఒక గోనెసంచి ఉంది. అందులో ట్రాలీ కొక్కెం, పిన్ను ఉన్నాయి. తిక్కయ్య నల్లటి పెద్ద బండి ఒకటి చూపించాడు. దాని మీద నీళ్ళు ఇంకా ఆరలేదు. టైర్లకు నల్లరంగు పూసి ఉంది. లోపల అగరువత్తుల వాసన.

"డాక్టరు వాడిన బండప్పా ఇది. ఆస్పత్రికి పోయేది, ఇంటికొచ్చేది. ఇంకోటి తెలీదు దీనికి."

"ట్రాలీని లాగుతాదా?"

"ట్రాలీనా? కొండను కట్టు, లాక్కొస్తాది."

"అయితే ఒకసారి తగిలించి సూస్తా. కొక్కెం తెచ్చినా."

తిక్కయ్య గోనెసంచి వైపు చూసి నవ్వాడు. "పెండ్లికొడుకును సూడనీకి పోయి బరువు మూట ఎత్తమంటారా యాడన్నా? ఇంత ఖరీదు బండికి ఇనుము కడతావా? గీతలు పడతాయప్పా."

"గీతలకు భయపడే బండి నాకెందుకు?"

సిద్ధప్ప ఈ మాటలేవీ వినడం లేదు. వెనక తలుపు తీసుకొని లోపలికి పోయి, సీటు మీది గుడ్డను బొటనవేలితో, చూపుడువేలితో నలిపి చూస్తున్నాడు. పోగు తెంపి పళ్ళ మధ్య పెట్టి లాగాడు. "మరమగ్గం గుడ్డ. ఒక్క వానాకాలం నిలవదు" అన్నాడు. ఆయన చూపు ఇంజను మీదికి గానీ చక్రాల మీదికి గానీ పోలేదు. బసవన్న నేల మీద తువ్వాలు పరచి బండి కిందికి దూరాడు. కొక్కెం బిగించాల్సిన చోట చట్రానికి అతుకు వేసి, ఆ అతుకు మీద రంగు కొట్టి ఉంది. వేలు పెడితే పెచ్చు ఊడి వచ్చింది. పైకి లేచి ఆ పెచ్చును తిక్కయ్యకు చూపించాడు.

"డాక్టరు దీంతో యాడ గుద్దినాడు?"

"అది కంపెనీ నుంచే అట్ల వచ్చిందప్పా" అన్నాడు తిక్కయ్య రెప్ప వేయకుండా.

తరువాత గూడూరులో ఒక బండి ఉందని తెలిసి అక్కడికి పోయారు. ఫోనులో ఏడు సీట్లన్న మనిషి, తీరా పోతే వెనక సీటు పీకేసి ఎరువు మూటలు మోస్తున్నాడు. "సీటు మా బామ్మర్ది ఇంట్లో సోఫాకు వేసినాం, అడిగి తెప్పిస్తా" అన్నాడు. ఇంకొకతను కొక్కెం తగిలించి చూడడానికి ఒప్పుకున్నాడు కానీ బండి స్టార్టు కాలేదు. తోయమన్నాడు. బసవన్న, సిద్ధప్ప, ఆ ఇంటి ముసలామె కలిసి తోశారు. మళ్ళీ ఆదోనికి వస్తే తిక్కయ్య అదే నల్లబండి సీట్లకు కొత్త గుడ్డ కుట్టించి, అద్దానికి దండ వేసి, వేరే బండి అని చూపించబోయాడు. చట్రం అతుకు మీద రంగు ఇంకా తడిగానే ఉంది.

"చేనేత గుడ్డ వేయించినా పెద్దాయనా, సూడు" అన్నాడు సిద్ధప్పతో. సిద్ధప్ప నలిపి చూసి, ఇది మేలన్నట్టు తల ఊపాడు.

బసవన్నకు ఒళ్ళు మండిపోయింది. బస్సు స్టాండులో బల్ల మీద కూర్చొని గోనెసంచి కాళ్ళ దగ్గర పడేశాడు. కొక్కెం మోసి మోసి భుజం కమిలింది. జేబులో పూవు ఎండిపోయి రేకులు రాలుస్తోంది. స్వామి అంత తొందరగా సరే అన్నాడే, మరి ఇదేమిటి? తాను అడిగింది సరిగ్గా అడగలేదా? కొందునా అని అడిగితే కొనమన్నాడు. ఏది కొనాలో, ఎవరి దగ్గర కొనాలో, అది కూడా అడగాలా? ఇన్నింటికి ఇన్ని పూలు పెడితే ఇక మనిషికి బుద్ధి ఎందుకు ఇచ్చినట్టు? ఇట్లా అనుకోవడం తప్పేమోనని వెంటనే లెంపలు వేసుకున్నాడు. అయినా ఆ ఆలోచన పోలేదు.

ఇంటికి వచ్చేసరికి పద్మ వసారాలో కూర్చొని, పాదానికి పసుపు పట్టు వేసుకొని, మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"దొరికిందా?"

"అందరూ అబద్ధాలోళ్ళే."

"ట్రాక్టరు ఉండనే ఉంది గదా. ఎందుకట్ల తిరుగుతావు ఎండలో?"

"నీ కాలు సూడు ముందు" అన్నాడు బసవన్న విసుగ్గా. ఆ విసుగు ఎవరి మీదో అతనికీ తెలియలేదు. ఆమె మళ్ళీ తొడిమలు తీయడంలో పడింది.

మాధవరం నుంచి సామ్సన్ అనే అతను తనంతట తానే ఫోను చేశాడు. మంత్రాలయానికి వచ్చే యాత్రికులను రైల్వే స్టేషను నుంచి తిప్పేవాడు. ఇప్పుడు చిన్న బండి తీసుకుంటున్నాడు, పెద్దది అమ్మేస్తాడట. "కొక్కెం సంచిలో వేసుకొని తిరిగేది నువ్వేనా అన్నా? గూడూరులో సెప్పినారు" అని నవ్వాడు.

"నవ్వు, నవ్వు. తగిలించనిస్తావా లేదా, అది సెప్పు."

"తగిలించు. కాకుంటే ఖాళీ ట్రాలీ తగిలిస్తే ఏం తెలుస్తాది? సామాను నింపు. ఇంటోళ్ళనందరినీ ఎక్కించు. సంతకు ఎట్ల పోతారో అట్లనే పోదాం. నేనూ వస్తా. ఎత్తులో మొరాయిస్తే నువ్వు కొనొద్దు."

ఇన్ని రోజుల్లో బసవన్నకు నచ్చిన మాట ఇదే.

సంత రోజు తెల్లవారుజామున సామ్సన్ బండి తెచ్చి వీధిలో నిలిపాడు. తెల్లరంగు వెలిసింది. ఒక తలుపు సొట్ట. సామ్సన్ ముందే ఆ సొట్ట చూపించి, "గేదె గుద్దింది. నాది తప్పు కాదు, గేదెది కాదు" అన్నాడు. ముందు అద్దం దగ్గర చిన్న చెక్క సిలువ వేలాడుతోంది. సిద్ధప్ప దాని వైపే చూస్తుంటే, "మీరు తీసుకుంటే దీన్ని నేను తీసుకపోతాలే పెద్దాయనా. మీ సామికి సోటు కావల్ల గదా" అన్నాడు.

"ఆషాడంలో కొక్కెం తగిలిస్తే కొన్నట్లే గదరా?" అని సిద్ధప్ప గొణిగాడు.

"సూస్తే కొన్నట్లా అని నువ్వే గదా అంటివి" అన్నాడు బసవన్న, బండి వెనక నేల మీద వెల్లకిలా పడుకొని. కొక్కెం సరిగ్గా కూర్చోవడం లేదు. సామ్సన్ బ్యాటరీ లైటు పట్టుకుంటే, నట్లు ఒక్కొక్కటి బిగిస్తూ, పిన్ను దించి, దానికి తీగ చుట్టాడు. పైన ఇల్లంతా కదులుతున్న చప్పుళ్ళు. గ్యాసు బండలు ఎక్కించారు. నీళ్ళ డ్రమ్ము ఎక్కించారు. నరసమ్మ ఏదో అంటోంది, పిన్నమ్మ సావిత్రమ్మ సరే సరే అంటోంది. కూతురు రేణుక పాదాలు ఇటు నుంచి అటు పరుగెత్తాయి. చట్రాన్ని వేళ్ళతో తడిమి చూశాడు. అతుకు లేదు. తుప్పుంది కానీ అబద్ధం లేదు. అతనికి ఉత్సాహం వచ్చింది.

చేతులు తుడుచుకొని నడిపే సీట్లో కూర్చున్నాడు. పక్కన సామ్సన్. వెనక సీట్లో నరసమ్మ, సావిత్రమ్మ, సిద్ధప్ప. అందరికన్నా వెనక రేణుక, బొరుగుల మూటలు.

"అందరూ ఎక్కినారా?"

"ఎక్కినారు నాయనా" అంది రేణుక.

బండి కదిలింది. కొక్కెం ఒకసారి కిర్రుమని, ట్రాలీ వెంట వచ్చింది. వీధి మలుపులో అది బుద్ధిగా తిరిగింది. ఊరు దాటాక బసవన్న గేరు మార్చాడు. నేత గుంటలో కూర్చున్నట్టే సుఖంగా ఉందని సిద్ధప్ప ఒప్పుకున్నాడు. సీటు గుడ్డ మాత్రం మార్చాలన్నాడు. నరసమ్మ కిటికీ దించి, ఎన్నాళ్ళకో గాలి తగిలినట్టు కళ్ళు మూసుకుంది. ఇన్ని రోజుల విసుగు బసవన్న మెడ మీది నుంచి దిగిపోతూ ఉంది.

కాలువ వంతెన ఎత్తు మొదలైంది. "ఇదే సూడల్సింది" అన్నాడు సామ్సన్. "తొక్కు. భయపడొద్దు." ఇంజను గొంతు లావైంది కానీ తడబడలేదు. సామ్సన్ కిటికీలోంచి తల బయటికి పెట్టి, ట్రాలీ నిలకడగా వస్తోందా అని తన వైపు అద్దంలో చూశాడు. మళ్ళీ చూశాడు.

"అన్నా, ఆ సెయ్యి ఎవరిది?"

"ఏ సెయ్యి?"

"ట్రాలీ ఊచను పట్టుకున్న సెయ్యి. గాజులున్నాయి."

బసవన్న వంగి ఆ అద్దంలోకి చూశాడు. ట్రాలీ రేకు పక్కన, గరిటెలు తగిలించే ఇనుప ఊచ మీద ఒక చెయ్యి బిగించి ఉంది. ఆకుపచ్చ గాజులు. బండి అదిరినప్పుడల్లా అవి మణికట్టు దాకా జారి, మళ్ళీ వెనక్కి పోతున్నాయి.

"మా పద్మది" అన్నాడు.

"ఆయక్క ఆడెందుకుంది? యెనక సోటుంది గదా."

వెనక సీట్లోంచి నరసమ్మ అంది, "నైవేద్యం పిండి గదప్పా. పూజ గాని బండిలో ఎట్ల పెడతాం? గంగాళం ట్రాలీలో పెట్టినాం. పిండి ఆడుంటే మనిషి ఆడనే ఉండల్ల గదా."

"ఎవరు ఎక్కమన్నారు?" అన్నాడు బసవన్న.

"ఎవరంటారు? తానే ఎక్కె."

అది నిజమే. ఎవరూ అనలేదు. అందరూ ఎక్కారా అని తాను అడిగాడు. ఎక్కారని కూతురు చెప్పింది. అందులో అబద్ధం ఏమీ లేదు. తిక్కయ్య రంగు పూసిన అతుకును గోరుతో గీకి చూసిన మనిషి, తన వెనక ఎవరు కూర్చున్నారో తిరిగి చూడలేదు.

బసవన్న బ్రేకు తొక్కాడు.

"ఎత్తులో ఆపినావేమిరా" అన్నాడు సిద్ధప్ప. "మళ్ళా కదులుతాదా ఇది?"

బసవన్న దిగి వెనక్కి నడిచాడు. పద్మ గంగాళం చుట్టూ కాళ్ళు చాపుకొని, పట్టు వేసిన పాదాన్ని గ్యాసు బండకు తన్నిపెట్టి కూర్చుంది. చీర కొంగుతో ముక్కు మూసుకుంది. అతన్ని చూసి కంగారుపడింది.

"ఏమైంది? గాలి పోయిందా? లాగలేకపోతాందా?"

"దిగు."

"దిగితే పిండి?"

"నేను పట్టుకుంటా. నువ్వు పోయి బండిలో కూసో."

ఆమె ఏదో పరాచికమనుకొని నవ్వింది. అతను నవ్వలేదు. ట్రాలీ అంచు పట్టుకొని ఎక్కి, ఆమె పక్కన చోటు చేసుకొని కూర్చొని, గంగాళాన్ని తన మోకాళ్ళ మధ్యకు లాక్కున్నాడు. అప్పటికి సిద్ధప్ప కూడా దిగి వచ్చాడు.

"ఏం పనిరా ఇది? మొదటి వాయి పిండి మీద మగోడి సెయ్యి పెడతావా? మీ నాయన పెట్టినాడా, మీ తాత పెట్టినాడా?"

"సిన్నాయనా, ఈ మాట ఈరన్న సెప్పినాడా, మనమే సెప్పుకున్నామా?"

"అడుగుదువు. పూవు పెట్టి అడుగు."

"అడుగుతా. ఎడమది రాలితే అప్పుడు సూద్దాం. ఇప్పుడైతే పద్మ కాలు వాసింది."

సిద్ధప్ప ఆ పాదం మీది పట్టు చూసి పక్కకు జరిగాడు. పద్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. దిగడానికి సామ్సన్ స్టూలు తెచ్చి వేశాడు. ఆమె కుంటుతూ బండి తలుపు దాకా పోయి, లోపలికి ఎక్కకుండా అక్కడే నిలబడింది. నరసమ్మ కిటికీ పక్క నుంచి జరిగి, చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుంది.

"నేనూ ఇరవై ఏండ్లు అట్లనే పోతి" అంది, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. కాసేపటికి సీటును అరచేత్తో తట్టింది. "ఎక్కు. ఈడ కూసో. గాలొస్తాది."

చోటు చాలక సిద్ధప్ప ముందు సీటుకు మారాడు. సామ్సన్ నడిపే సీట్లో కూర్చున్నాడు.

బండి ఎత్తులోనే కదిలింది. ఒక్క అడుగు కూడా వెనక్కి జారలేదు. బసవన్న ఆ సంగతి వెన్నుతో తెలుసుకున్నాడు. కొక్కెం గుంజగానే నీళ్ళ డ్రమ్ము అతని వీపును గుద్దింది, గంగాళం ముందుకు ఉరికింది. రెండు చేతులూ దాని అంచు మీద వేశాడు. ఇక పట్టుకోవడానికి అతనికి చెయ్యి మిగల్లేదు. చివరికి ఒక చెయ్యి తీసి ఊచను అందుకున్నాడు. ఈ ట్రాలీకి రేకు కొట్టించింది తానే. పొయ్యి ఎక్కడ, గరిటెలు ఎక్కడ, స్వామి పటం ఎక్కడ అన్నీ చెప్పి చేయించాడు. మనిషి పట్టుకోవడానికి ఏమీ పెట్టించలేదు. ఊచ అంతా గరుకుగా, నూనె జిడ్డుతో ఉంది. చెయ్యి పడిన ఒక్కచోట మాత్రం నునుపుగా మెరుస్తోంది.

పొగ నేరుగా ముఖానికి కొట్టింది. కళ్ళలోకి దుమ్ము వచ్చింది. ముందు దారి ఏమీ కనబడదు. ఎప్పుడు గుంత వస్తుందో, ఎప్పుడు మలుపు వస్తుందో తెలియదు. వచ్చాకే తెలుస్తుంది. ప్రతి గుంతకూ బాణలి చప్పుడు చేసింది. ప్రతి చప్పుడుకూ అతను పాదం వెనక్కి లాక్కున్నాడు. పిండి ఒరిగి మోచేతి దాకా అంటుకుంది. స్వామీ, క్షమించు అనుకున్నాడు మొదట. తరువాత ఆ మాట స్వామితో అనాల్సింది కాదేమో అనిపించింది.

ఎదురుగా బండి వెనక అద్దం. దాని అవతల మూటలు, రేణుక జడ, ఇంకా అవతల పద్మ తల. ఆమె నిటారుగా కూర్చుంది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అతను గంగాళం మీది చెయ్యి ఎత్తి చూపించాడు. మళ్ళీ తిరిగింది. మళ్ళీ చూపించాడు. తరువాత ఆమె తిరగలేదు. కొంచెం దూరం పోయాక ఆ తల మెల్లగా ఒక పక్కకు ఒరిగి, నరసమ్మ భుజం మీద ఆగింది. నరసమ్మ చెయ్యి పైకి లేచి, ఆ తల చుట్టూ కొంగు కప్పింది.

దారి పక్క టీ కొట్టు దగ్గర బండి ఆగింది. తెల్లవారింది. సామ్సన్ దిగి వచ్చి, పిండి మరకలతో ఉన్న బసవన్నను చూసి నవ్వు ఆపుకున్నాడు.

"ఎట్ల లాగుతాంది అన్నా? ఎత్తులో సూస్తివి గదా. ఇంగ ధర మాట్లాడుకుందామా? టీ తాగుదాం దిగు."

"అందరూ దిగినారా?"

"పెద్దాయన దిగినాడు. ఆయక్క నిద్రపోతాంది. లేపమంటావా?"

"వద్దు" అన్నాడు బసవన్న. గంగాళాన్ని మోకాళ్ళతో గట్టిగా అదుముకొని, ఊచ మీద చెయ్యి వేశాడు. "సిన్నాయనను ఎక్కమను. తలుపు మెల్లగా వెయ్యి. ఆదోని వచ్చినా పద్మ లేవకుంటే, బండి ఆపకుండా ముందుకు పోనీ."